పడుగు దిగేదాకా

మొన్న పొద్దున తాపీ మేస్త్రి మా ధర్మవరం ఇంటి ముందరి హాలులో ఒక బండ లేపుదామని గడ్డపారతో పోటు పొడిచాడో లేదో, గడ్డపార సగానికి పైగా నేలలోకి దిగిపోయింది, దాని వెనకే మేస్త్రి కాలు కూడా మోకాలి దాకా దిగిపోయింది. "అమ్మా, ఈడేందో బావి ఉండాది!" అని అతను పెట్టిన కేకకు వీధిలో పోయేవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. బావి కాదు. బండ పక్కకు తీయగానే ఏండ్ల తరబడి మూతపడి ఉన్న వాసన ఒకటి మెల్లగా పైకి లేచి నా ముక్కుకు తగిలింది. పులిసిన గంజి, కట్టెల బూడిద, తడి మన్ను, వాటి అడుగున ఎక్కడో పచ్చి పట్టుకు మాత్రమే ఉండే ఒక జిడ్డు వాసన. అది మగ్గం గుంత. టైపు నేర్పే బడి పెట్టుకుంటానని హాలు బాడుగకు అడిగిన కుర్రవాడు ఆ గుంత అంచున నిలబడి, తన మిషన్లు ఇందులో పడిపోతే ఎట్లా అని దిగులుగా చూస్తున్నాడు. నేను మాత్రం చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గుంత ఒడ్డున చతికిలబడి, ఎనిమిదేండ్ల పిల్లనైపోయాను.

నేను చెప్పే కతల్లో పావలా వంతు నిజం, ముప్పావలా వంతు తిరగమోత అని మా ఇంట్లోవాళ్ళకే ఒక అభిప్రాయం ఉంది. కాదనను. ఈ ఇంటి గోడలు ఎంత మందమంటే, లోపలి వైపు నుంచి బయలుదేరిన బల్లి బయటి వైపు తేలేసరికి దాని వెంట మనవళ్ళు కూడా ఉండేవారని నేనే చాలామందికి చెప్పాను. అయితే మా అవ్వ ఈ ఇంటికి సొంతగత్తె అయిన మొదటి ఏడు జరిగిన సంగతికి తిరగమోత అక్కరలేదు. ఆ రోజుల్లో పై నుంచి కాస్త దుమ్ము రాలినా నేను తల పైకెత్తి కప్పు వైపు చూసేదాన్ని.

మాది తాడిమర్రి పక్కన ఒక మెట్ట పల్లె. మా అవ్వ ఓబుళమ్మకు గొర్రెల మంద ఉండేది. మంద అంటే నాకు ఇప్పటికీ దుమ్ము, దుమ్ములో కదిలే గంటల చప్పుడు, తడిసిన ఉన్ని నుంచి లేచే మొద్దు వాసన, ఎండాకాలం సాయంత్రాలు కంబళి పరుచుకుని రాగి సంగటి ముద్దలో బొటనవేలితో గుంత చేసి అందులో ఊరిబిండి పచ్చడి పెట్టుకుని తినడం, చలికాలం పొద్దున్నే చేన్లో కంప మంట వేసి పచ్చి శెనక్కాయలు కాల్చుకుని మూతి మసి చేసుకోవడం. కోతలైన చేన్లలో మా మందను రాత్రిళ్ళు పడుకోబెట్టేవాళ్ళం. పెంటికల ఎరువు కోసం రైతులే పిలిచి, మంద పడుకున్నందుకు గింజలు కొలిచేవారు. అవ్వకు తెలిసిన లోకమంతా అదే. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పడుకుంటారు, అందుకు ఎవరో ఒకరు గింజలు ఇస్తారు. యుద్ధం మొదలైన కాలంలో వానలు ఒకదాని వెంట ఒకటి ఎగ్గొట్టి, ఈనిన గొర్రె పిల్లను చూసి మొహం తిప్పుకునే కరువు వచ్చినప్పుడు, అవ్వ ఆ లెక్కనే తిరగేసి పట్టుకుంది.

"మన మంద ఒకరి చేన్లో పండుకుంటే వాళ్ళు గింజలిస్తాండారు. మన ఇంట్లో ఇంకొకరు పండుకుంటే వాళ్ళూ ఇయ్యాల గదా. గొర్రె సస్తాది. ఇల్లు సస్తాదా?" అంది ఒక రోజు, మా నాయన సంగటి తింటుండగా.

"ఇల్లు సావదు మా, కూలుతాది," అన్నాడు నాయన. "గొర్రె సస్తే తోలన్నా మిగులుతాది. ఇల్లు కూలితే ఏం మిగులుతాది?"

అవ్వ వినే రకం కాదు. ధర్మవరంలో మగ్గాల వీధిలో ఒక మిద్దె ఇల్లు అమ్మకానికి ఉందని, దాని సొంతదారు హిందూపురంలో బెల్లం వ్యాపారం చేసే షావుకారని ఎవరో చెప్పగానే, నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది. నాకు టిక్కెట్టు అడుగుతారని కంబళిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, టిక్కెట్లు చూసే ఆయన వచ్చినప్పుడు నేను గొర్రెపిల్లలాగా అరిచానని మా పిల్లలకు చెబుతుంటాను. అంత గట్టిగా అరిచానో లేదో. హిందూపురం దిగేసరికి గాలే తియ్యగా ఉండేది. బెల్లం దిమ్మెలు, వాటి మీద ముసిరే కందిరీగలు, పక్కనే చింతపండు రాశులు; ముక్కుతోనే పులుపూ తీపీ ఒకేసారి తినొచ్చు. షావుకారు సగం కన్నడం, సగం తెలుగు. "ఇల్లు చెన్నాగుండాది అవ్వా. దుడ్లు ఇచ్చి బీగం తీసుకో. మగ్గమాయన ఒకడుండాడు ఆడ. మెత్తనోడు. యాడికీ పోడు," అన్నాడు. యాడికీ పోడు అన్న మాట దగ్గర ఆయన మీసం కింద ఒక నవ్వు మెదిలింది. అవ్వ దాన్ని మంచి గుణం కింద జమ వేసుకుంది.

కాగితాలు బాగా రాసే మనిషి పెనుకొండలో ఉన్నాడని షావుకారు మమ్మల్ని దారిలో అక్కడ దింపాడు. కోట గోడ నీడలో గంపల నిండా కండ్లు విప్పిన సీతాఫలాలు. అవ్వ నాకొక పండు కొనిచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. నేను దాని గింజలన్నీ ఉమ్మేలోపే మా మంద కాస్తా ఇల్లయిపోయింది.

ధర్మవరం చేరాక అవ్వ ఆ ఇంటిని సంతలో గొర్రెను చూసినట్టే చూసింది. గోడ పక్కటెముకలు తట్టింది, గడపకు పళ్ళు చూసింది, తలుపు ఎత్తి కీలును గిట్టను చూసినట్టు చూసింది. పైకి మాత్రం చూడలేదు. గొర్రెకు పైన చూడవలసింది ఏమీ ఉండదు మరి. హాలు మధ్యలో నడుము దాకా నేలలో పాతిపెట్టినట్టు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయనే నాగప్ప. గుంతలో కాళ్ళు ఆడుతున్నాయి, ఎదురుగా పట్టు పోగులు గోడ దాకా చాపినట్టు సాగి ఉన్నాయి. ఆ నిలువు పోగులనే పడుగు అంటారని అవ్వకు ఆ రోజే తెలిసింది. గోడ పక్కన ఆయన భార్య రంగమ్మ కండెలు చుడుతోంది, తల మీద దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో వాళ్ళ మగబిడ్డ నిద్రపోతున్నాడు.

"ఇల్లు నీదైతే నీది గానీ అవ్వా, నన్ను యాడికీ కదిలించొద్దు. మగ్గం మీద పడుగుండాది," అన్నాడు నాగప్ప, పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసరడం ఆపకుండానే.

"పైరు మీదుండే చేన్లోకి మంద తోలే దాన్ని కాదప్పా నేను. పడుగు దిగేదాకా ఉండు. మాటిస్తాండా," అని అవ్వ వంగి మగ్గం కట్టెను తాకి ఆ చేయి కండ్లకద్దుకుంది. రంగమ్మ చేతిలో కండె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది. నేను చూశాను. అవ్వ చూడలేదు.

మేము వెనక అరలో కాపురం పెట్టాం, నాయన, అమ్మ పల్లెలోనే చేను చూసుకుంటూ ఉండిపోయారు. ఆ మొదటి నెలలు నాకు పండగ లాగా గడిచాయి. పొద్దున లేస్తే పక్షుల కంటే ముందు మగ్గం చప్పుడు. ఒక ఇంటిది కాదు, వీధి మొత్తానిది, ఒకటి ఆగితే ఒకటి అందుకుంటూ, వీధి దంతాలు కొరుకుతున్నట్టు. వీధి పొడుగునా సాగదీసిన పట్టు పోగులకు గంజి పూసేవారు, వాటి కింద నుంచి వంగి దూరుతూ మేము దొంగాట ఆడేవాళ్ళం; వీపు తగిలిందా, తిట్లు వీధి చివర దాకా వెంటబడేవి. నేల మీద బండ చల్లగా ఉండే చోట కూర్చుని అచ్చనకాయలు. ఉగాదికి రంగమ్మ ఓళిగలు చేసి, నెయ్యి కారుతున్న వాటిని అరిటాకులో పెట్టి వెనక అరకు తెచ్చింది. అవ్వ బదులుగా కొర్రబియ్యం పాయసం పంపింది. బాడుగ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా అనేవారు కాదు, నెల పుట్టగానే రంగమ్మ కొంగు ముడి విప్పేది, అవ్వ తన కొంగుకు ముడి వేసుకునేది.

ఎండలు ముదిరాక ఆ సుఖం చెడింది. మిద్దె ఇండ్లు చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. గోడల మీద ఒక పెద్ద దూలం, దాని మీద అడ్డంగా సన్నటి దంతెలు, వాటి మీద కట్టెలు, ఆ పైన మట్టి. వాన నీళ్ళు దిగకుండా ప్రతి ఏడూ మృగశిర రాకముందే పైన చవుడు మన్ను పోసి పరవాలి, అది ఇంటిగలవాళ్ళ బాధ్యత. వీధిలో అన్ని మిద్దెల మీదా గంపలు ఎక్కుతున్నాయి. "చవుడు ఎప్పుడు పోయిస్తావవ్వా? పట్టు మీద ఒక్క చుక్క పడితే నా బతుకు మరకైపోతాది," అని నాగప్ప రోజూ అడుగుతున్నాడు. ఒక సాయంత్రం అవ్వ నిచ్చెన ఎక్కి, మిద్దె మీద మట్టిలో తన గొర్రెలు కాచిన కర్రను గుచ్చింది. కర్ర దిగుతూనే పోయింది. షావుకారు పాత మన్ను తీయకుండా ఏటేటా కొత్తది పోయిస్తూ పోయాడు. మోకాలెత్తు మట్టి.

అవ్వ కిందికి దిగి, హాలులోకి వచ్చి, మొదటిసారి తల పైకెత్తింది. దూలం మీద ఎర్రటి మన్ను గీతలు, పాము పాకినట్టు. కర్రతో తట్టింది. గోడ దగ్గర టక్కుమంది. కొంచెం ఇవతల టొక్కుమంది. సరిగ్గా మగ్గం గుంతకు పైన, ఉయ్యాల తాడుకు జానెడు దూరంలో తట్టినప్పుడు అసలు కట్టె చప్పుడే రాలేదు. ఎండిన సొరకాయను తట్టినట్టు ఒక బోలు చప్పుడు వచ్చి, సన్నటి పొడి నా ముక్కు మీద రాలింది.

చవుడు పోస్తే బరువుకు దూలం విరుగుతుంది. పోయకపోతే పాత మన్ను నీళ్ళు తాగి ఇంకా బరువెక్కుతుంది, అప్పుడూ విరుగుతుంది. కింద ఒక కంబం ఊతగా నిలబెడదామంటే, అది నిలబడవలసిన చోటే మగ్గం గుంత.

"కొన్నాళ్ళు పక్కకు జరుగు నాగప్పా, దూలం మార్చి మళ్ళీ పెట్టుకుందువు," అంది అవ్వ.

నాగప్ప నవ్వాడు. నవ్వులో వేడి ఉంది. "షావుకారు గూడా ముందున్నోళ్ళకు ఇదే చెప్పినాడవ్వా. దూలం పడతాదని బయటికి పంపించి, తిరిగొస్తే బాడుగ రెండింతలన్నాడు. ఇల్లు చేతులు మారినా మాట మారలేదే!"

వీధి కూడా అదే అంది. గొర్రెలు కాచిన ముసలమ్మ పట్నం కిటుకులు బాగానే నేర్చిందని నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నాకు వినబడేలా అనుకున్నారు. అవ్వకు ఒక ఆశ ఉంది. పడుగు అయిపోవచ్చింది. గోడ దాకా ఉన్న పోగులు మూర లోపలికి వచ్చాయి. రోజూ పొద్దున లేవగానే హాలులోకి వచ్చి మొదట దూలం వైపు, తర్వాత పడుగు వైపు చూసేది. చేను కోతకు వచ్చిందా అని చూసే రైతు లాగా. చివరి చీర కోసి మడత పెట్టిన రోజు అవ్వే వీధిలో పిల్లలందరికీ బెల్లం ముక్కలు పంచింది. ఆ సాయంత్రమే కబురంది పల్లె నుంచి నాయన వడ్రంగిని మాట్లాడటానికి దిగాడు.

మరునాడు పొద్దున మేము లేచేసరికి రంగమ్మ మగ్గం ముందు కూర్చుని ఉంది. పక్కన మట్టి మూకుడులో బూడిద. దువ్వెన లాంటి పన్నె నుంచి పాత పడుగు తోకలు వేలాడుతున్నాయి. ఒక పాత పోగు కొస, ఒక కొత్త పోగు కొస వేళ్ళ మధ్య పెట్టుకుని, బూడిద అద్ది, ఒక్క నలుపు నలిపితే రెండూ ఒకటైపోతున్నాయి.

"ఏం చేస్తాండావు మే?" అంది అవ్వ.

"అతుకుతాండానవ్వా. పాత దాని తోకకు కొత్త దాని తల."

"నిన్న దిగింది గదా పడుగు?"

"చీర దిగింది. పడుగు యాడ దిగింది? మా మామ కాలం నుంచి ఇదే పడుగు. బోడి మగ్గం ఇంట్లో ఉండకూడదు గదవ్వా."

అవ్వ గోడకు ఆనుకుంది. నాగప్ప వైపు తిరిగి, "తెలిసే అడిగినావా అబ్బా?" అంది.

"తెలీకుండానే మాటిచ్చినావా అవ్వా?" అన్నాడు నాగప్ప, తల ఎత్తకుండా.

నాయన వెనక అరలోకి వచ్చి గొంతు తగ్గించి అవ్వతో గొడవ పెట్టుకున్నాడు. "ఇంటికి సొంతగత్తెవు నువ్వు. సామాన్లు వీధిలో పెట్టు. ఎవురడ్డం వస్తారో చూస్తా."

"మాటిచ్చినా గదరా."

"మట్టిని మాట మొయ్యదు మా, దూలం మొయ్యాల!"

"అందుకే మట్టి తీస్తా," అంది అవ్వ. అని ఊరుకోలేదు. పార తీసుకుని నిచ్చెన ఎక్కింది, నాయన తిట్టుకుంటూనే గంప తీసుకుని వెనకాల ఎక్కాడు.

అది రోహిణి కార్తె చివరి రోజులు. పొద్దు నుంచి గాలి ఆడలేదు. మధ్యాహ్నానికి పెనుకొండ దిక్కున ఆకాశం వంకాయ రంగుకు తిరిగింది. వీధిలో ఆరబెట్టిన పడుగులు చుట్టి లోపలికి తీసుకుపోతున్నారు. అందరూ మిద్దె మీదికి మన్ను ఎక్కిస్తున్న రోజున, మబ్బు నెత్తి మీద ఉండగా, మా అవ్వ ఉన్న మన్ను దించుతోంది. "ఓబుళమ్మవ్వకు పిచ్చెక్కిందప్పో!" అని ఎదురింటి మిద్దె మీద నుంచి ఎవరో అరిచారు. "పిచ్చి కాదు, నాగప్ప పట్టు తడిపి పంపియ్యాలని!" అని ఇంకొకరు. గుంతలో నుంచి నాగప్ప పైకి చూస్తూ కేకలు పెడుతున్నాడు. "ఒక్క చుక్క దిగనీ అవ్వా, పంచాయితీ పెట్టిస్తా! వీధినంతా పిలుస్తా!"

నేను హాలులో ఉయ్యాల పట్టుకుని కూర్చుని ఉన్నాను. పైన పార పడిన ప్రతిసారీ దంతెల సందుల్లో నుంచి పొడి జలజలా రాలేది. నా తల మీద, బిడ్డ దుప్పటి మీద, రంగమ్మ బూడిద మూకుడులో. దూలం ఒకసారి మూలిగింది. కట్టె మూలుగు ఎట్లా ఉంటుందో వినని వాళ్ళకు చెప్పలేను, ముసలి మనిషి నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు ఉంటుంది. నాగప్ప కేకలు ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా.

మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన కంతలో అవ్వ మొహం కనబడింది. చెమటకు మట్టి అంటి ఆ మొహం కూడా మట్టిదే అయిపోయింది.

"నాగప్పా, నువ్వుండు. మాట నీకిచ్చినా, నిన్ను కదలమనను. ఉయ్యాలకు నేను మాటియ్యలేదు. దూలం నాది. ఆ ఉయ్యాల ఇప్పి బిడ్డను బయటికి పంపీ."

రంగమ్మ వేళ్ళ మధ్య రెండు పోగులు ఉన్నాయి. నలిపింది. విడిపోయాయి. మళ్ళీ బూడిద అద్ది నలిపింది. మళ్ళీ విడిపోయాయి. ఆమె మూకుడు దగ్గరికి లాక్కుని, లోపలిది చిటికెడు తీసి వేళ్ళతో రుద్దుకుని చూసింది. బూడిద గరుకుగా పట్టుకుంటుంది, కట్టె పొడి జారిపోతుంది. మూకుడులో బూడిద కంటే దూలమే ఎక్కువ ఉంది.

"అతుకు నిలబడలేదు," అంది రంగమ్మ. తల ఎత్తి దూలాన్ని చూసింది, ఉయ్యాలను చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. "పడుగు దించు."

"ఏం మాట్లాడతాండావు? మా నాయన..."

"మీ నాయన నేసినాడు. అతికింది మీ అమ్మ. ఇప్పుడు అతికేదాన్ని నేను. నేను అతకను. దించు."

నాగప్ప గుంతలో నుంచి లేచి పూర్తిగా నిలబడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను. అంత పొడుగు మనిషని నాకు తెలియదు. పన్నెను తోకలతో సహా పైకి తీశాడు. రంగమ్మ బిడ్డను నా చేతుల్లో పెట్టి కొత్త పడుగు చుట్ట భుజాన వేసుకుంది. మేము గడప దాటేసరికి మొదటి చినుకులు రూపాయి బిళ్ళలంత పడుతున్నాయి. అవ్వ నిచ్చెన మీద నుంచి దూకినట్టే దిగి, లోపల నుంచి తన కంబళి తెచ్చి బిడ్డకు కాదు, పట్టుకు కప్పింది. బిడ్డ తడిస్తే తుడవొచ్చు అన్నట్టు.

ఇక్కడ దూలం భయంకరమైన చప్పుడుతో కూలిపోయిందని, ఆ ధూళికి వీధంతా చీకటైపోయిందని నేను చాలామందికి చెప్పాను. మా చిన్నమ్మాయికి చెప్పినప్పుడైతే ఒక పిడుగు కూడా వేశాను. నిజానికి దూలం పడలేదు. ఎదురింటి అరుగు మీద అందరం నిలబడి చూస్తూనే ఉన్నాం. వాన దంచింది, మిద్దె కారింది, మగ్గం గుంత నిండి చిన్న చెరువైంది. దూలం అట్లాగే ఉంది. నాగప్ప అవ్వ వైపు తిరిగి, "పడలేదు గదా," అన్నాడు. ఆ మాట తిట్టు కంటే ఘోరంగా ఉంది. తండ్రి నాటి పడుగు దించి, పన్నెను చంకలో బిడ్డలా పెట్టుకుని, ఆ వానలోనే పక్క వీధిలో బావమరిది ఇంటికి నడిచిపోయాడు. రంగమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఆయన చూడలేదు.

వాన వెలిశాక వడ్రంగి వచ్చాడు. ఖాళీ గుంతలో నీళ్ళు తోడి, అందులో కంబం నిలబెట్టి, దూలంలోకి ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తనే లేదు. ఉలి, దాని వెంట వేళ్ళు, మణికట్టు లోపలికి పోయాయి. అతను చేయి వెనక్కి తీసి చూసుకున్నాడు, పిడికిలి నిండా చెదపురుగులు. ఆ చేతిని అవ్వ వీధిలో ఎవరికీ చూపించలేదు. "పిలువు మా అందర్నీ, చూడనీ!" అని నాయన ఎగిరాడు. "చూపించి ఏం చేస్తాం? వాడి మగ్గం బోడైంది. దానికి నా దూలం గుల్లని చూపిస్తే సరిపోతాదా?" అంది. మిగిలిన రెండు పొట్టేళ్ళనూ అమ్మించి, కొత్తచెరువు నుంచి బండి మీద వేప దూలం తెప్పించింది.

దూలం ఎక్కింది, కొత్త చవుడు పడింది, ఇల్లు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. వీధి మొత్తం మగ్గాలు కొడుతుంటే మా ఇల్లొక్కటే పన్ను ఊడిన చోటులా ఉండేది. అవ్వకు అమ్మడానికి ఇక గొర్రె లేదు, బాడుగకు మనిషి లేడు. ఒక బట్టల వ్యాపారి సరుకు నిల్వ పెట్టుకుంటానని, గుంత పూడ్చి ఇస్తే ఎక్కువ ఇస్తానని వచ్చాడు. నాయన ఆయనకు మజ్జిగ కూడా ఇప్పించాడు. మాట తీరిపోయింది, పడుగు దిగిపోయింది, అవ్వను పట్టి ఉంచేది ఇక ఏమీ లేదు. అవ్వ ఆ వ్యాపారికి ఔననలేదు, కాదనలేదు. రోజూ పొద్దున గుంతలో దిగి ఊడ్చి, నీళ్ళు చల్లి, పైకి వచ్చేది. నాగప్ప మా వీధిలో నడిచేటప్పుడు మొహం అటు తిప్పుకుని నడిచేవాడు. అవ్వ గడపలో కూర్చుని ఆ తిప్పుకున్న మొహాన్నే చూసేది. పిలిచేది కాదు. ఎందుకు పిలవవు అని నేను అడిగితే, "దొడ్డి మనదైనంత మాత్రాన మందను అరిచి పిలిస్తే రాదు మే, బెదురుతాది," అంది. వ్యాపారి రెండోసారి కబురు పెట్టాడు. ఇంక ఆగలేనన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున నేను గుంత ఒడ్డున అచ్చనకాయలు ఆడుతుండగా గడపలో నీడ పడింది. రంగమ్మ. చంకలో బిడ్డ, చేతిలో పాత గుడ్డలో చుట్టిన పన్నె. వెనకాల నాగప్ప, గడప అవతలే. బావమరిది ఇంట్లో మగ్గానికి తావు లేదని ఆయన చెప్పలేదు, వడ్రంగి చేయి సంగతి తెలిసిందని కూడా చెప్పలేదు. గోడకు ఆనించిన అవ్వ కర్ర తీసుకుని, లోపలికి వచ్చి, దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. మధ్యలో ఆగి, గుంతకు సరిగ్గా పైన ఇంకొకసారి తట్టాడు. టక్.

"ఈసారి మాటేందవ్వా?" అన్నాడు.

వెనక అర గుమ్మంలో నాయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

"పడుగు దిగేదాకా ఉండు," అంది అవ్వ.

"తెలిసే ఇస్తాండావా?"

"తెలిసే."

రంగమ్మ అప్పటికే గుడ్డ విప్పుతోంది. పన్నెలో పాత పడుగు తోకలు ఒక్కటి కూడా తెగకుండా వేలాడుతున్నాయి. "పాపా, పొయ్యిలో నుంచి మంచి బూడిద తెచ్చియ్యి మే," అంది నాతో.

ఆ పడుగు అవ్వ పోయాక కూడా దిగలేదు, నాగప్ప పోయాక కూడా దిగలేదు. ఉయ్యాలలో ఉండిన ఆ బిడ్డే పెద్దవాడై అదే గుంతలో కూర్చుని నేశాడు. సొంత ఇల్లు కట్టుకుని వెళ్ళేటప్పుడు పన్నెను ఎత్తుకుపోయి అక్కడ కొత్త పోగులు అతికించుకున్నాడు. గుంతలో కాస్త ఇసుక నింపి బండ మూయించింది నేనే. ఇప్పుడు వీధి పొడుగునా పట్టు సాగదీయడానికి తావు లేదు, మోటారు బండ్లు ఊరుకోవు. నీళ్ళ దగ్గర మాటలు కుళాయిలతో పోయాయి. చవుడు మన్ను ఎక్కడ తవ్వుతారో కూడా మేస్త్రికి తెలియదు. అవ్వ పెట్టిన నియమం ప్రకారం కొత్తది పోయాలంటే ముందు పాతది దించాలని నేను పట్టుబట్టినందువల్ల, మిద్దె మీద నుంచి దించిన మన్ను పెరట్లో రాశిగా పడి ఉంది.

"ఇసక అడుక్కు కుంగిపోయిందమ్మా. ఏం పోసి పూడ్చమంటారు?" అన్నాడు మేస్త్రి. ఆ రాశినే చూపించాను. ఒకప్పుడు మా నెత్తి మీద వేలాడిన మన్ను గంపలు గంపలుగా గుంతలోకి దిగింది, వాసన కొంచెం కొంచెంగా కిందికి పోయింది.

టైపు కుర్రవాడు పదకొండు నెలల బాడుగ కాగితాన్ని గోడకు ఒత్తి పెట్టుకుని సంతకం చేశాడు. చేసి, కలం మూత పెడుతూ, దూలం వైపు అనుమానంగా చూశాడు. నేను అవ్వ కర్ర తెచ్చి అతని చేతికిచ్చాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు. నేనే తట్టి చూపించాను.

"పదకొండు నెలలైనాక పొమ్మంటారా అమ్మా?" అన్నాడు.

"నీ మిషన్లో కాగితం అయిపోయేదాకా ఉండబ్బా," అన్నాను.

అతను ఆలోచించాడు. తెలివైనవాడు, మగ్గాల వీధిలో పుట్టినవాడే. కాగితం అయిపోతే ఇంకొకటి పెడతాం కదా అని అతని కండ్లలో వెలిగింది.

"ఆ మాట కూడా ఇందులో రాసిస్తారా అమ్మా?" అన్నాడు, కలం మూత మళ్ళీ తీస్తూ.